పట్టాభిషేకము లేని కథ

18వ శతాబ్దపు పుదుచ్చేరి పట్టణము ఫ్రెంచివారి వర్తకమునకే గాక తెలుగు కవితకును ఆశ్రయ మిచ్చినది. డూప్లే దొరకు దుబాసియైన ఆనందరంగపిళ్ళ (1709–1761) పేర కస్తూరి రంగకవి రచించిన ఆనందరంగరాట్ఛందము లాక్షణికు లెరిగినదే. ఆ పట్టణముననే యేసుసభవారి మఠము కర్ణాటక మిషనునకు కేంద్రముగా నుండెను. అచటినుండి బయలుదేరిన గురువులు కృష్ణాపురము మున్నగు తెలుగు తావులలో కాపురముండి మన భాష నేర్చిరి. వారిలో గాస్తోన్ కూర్దూ (1691–1779) తెలుగు, సంస్కృతము, ఫ్రెంచి పదములతో నిఘంటువు కూర్చినవాడు. సంస్కృతమునకు గ్రీకు, లాటిను భాషలతోగల చుట్టరికమును 1767లోనే పారిసు పండితులకు వ్రాసినవాడు. అద్దకపు పనివారి నడిగి తెలిసికొని, బట్టలపై కలముతో బొమ్మలు వ్రాయు విధానమును 1742లో ఒక లేఖయందు వివరించినవాడును ఆయనయే. పుదుచ్చేరిలోనే ఆయన కన్నుమూసెను.

ఇట్లు మాటను, బొమ్మను పరిశీలించిన గురువుల యెదుట నొక చిక్కు ప్రశ్న యుండెను. పరదేశమునుండి వచ్చిన పవిత్రకథ ఈ నేలపై నే రూపము ధరింపవలెను? మన వాఙ్మయచరిత్రకారులు క్రైస్తవ కావ్యములను మతప్రచార వాఙ్మయమను నొక మూలకు నెట్టి, కవి పేరు, కాలము చెప్పి ముందునకు సాగుచుందురు. ఆ కావ్యములు కథలుగా నెట్లు నిలిచినవి, ఎచట కుంటువడినవి అను విచారణ మిక్కిలి తక్కువ.

చిక్కు స్థూలముగా నిది. మన కథ ఫలప్రాప్తిని కోరును. రామకథను పట్టాభిషేకముతో ముగించి, ఫలశ్రుతి చదివి, మంగళహారతి పాడిన గాని శ్రోత లేవడు. ప్రధాననాయకుని వధను రూపకమున చూపరాదని దశరూపకకారుని శాసనము. సువార్తలలోనో, నాయకుడు పట్టుబడి, కొరడా దెబ్బలు తిని, దొంగల నడుమ చంపబడుటయే కథకు గుండెకాయ. తరువాత పునరుత్థాన మున్నదనుట నిజమే. కాని అది సింహాసనారోహణము వలె సభామధ్యమున జరుగలేదు. తెల్లవారక మునుపు, కొందరు స్త్రీలు మొదట తెలిసికొనగా, చాలమంది నమ్మకుండగా జరిగినది. ప్రబంధకవి యిట్టి ముగింపుతో నేమి చేయగలడు?

తొలి కవులలో కొందరు తెలివిగా ప్రక్కదారి పట్టిరి. ఇటలీనుండి వచ్చి తమిళకవిగా మారిన బెస్కి, వీరమాముని యను పేర, 1726లో తేంబావణిని 3,615 పద్యములలో రచించెను. అందు నాయకుడు క్రీస్తు కాడు, ఆయనను పెంచిన యోసేపు. యోసేపునకు స్వర్గమున కిరీటధారణము చేయించి కావ్యమును ముగించుటకు కవి కవకాశము దొరకినది. తెలుగున పింగళి యెల్లనార్యుడు తోభ్యాచరిత్రము నెన్నుకొనెను. ఈ యెన్నిక యొక గొప్ప విమర్శకుడు చేయదగిన పని.

ఏలయన, తోబితు కథ పాతనిబంధనలోని గ్రంథములలో ప్రబంధమునకు మిక్కిలి చేరువైనది. చెరలోనున్న ధర్మాత్ముడొకడు దిక్కులేని శవములను పూడ్చుచుండును. పిట్టరెట్ట పడి ఆయన కన్నులు పోవును. బాకీ సొమ్ము తెచ్చుటకు కుమారుని దూరదేశమునకు పంపును. దారి చూపుటకు వచ్చిన తోడుబాటసారి మారువేషమున నున్న దేవదూత. ఏటియొడ్డున పెద్ద చేప పైకెగయును. పొరుగు దేశమున నొక కన్నె కలదు. ఆమెను పెండ్లాడిన యేడుగురు వరులను తొలిరేయియే పిశాచము చంపినది. చేప గుండెను, కాలేజమును పొగవేయగా పిశాచము పారిపోవును. చేప పిత్తముతో తండ్రికి చూపు వచ్చును. కాశీమజిలీ కథల నెరిగిన తెలుగు చదువరికి ఇందు పరాయి దేమున్నది? మేలుచేసినవానికి అజ్ఞాతమిత్రుడు తోడగుట, శోభనగృహమున పొంచియున్న మృత్యువు, వేషము విప్పి దివ్యరూపము చూపుట, ఇవన్నియు లోకమున పలుచోట్ల వినబడు కథాబీజములే. ప్రయాణము, నది, వివాహము, పునరాగమనము అడుగడుగున వర్ణనకు చోటిచ్చును. కథను పిండి ప్రబంధమున పోయనక్కరలేదు. అది తానై వచ్చి యొదుగును.

ఇచట నొకమాట చెప్పవలసియున్నది. తోబితు గ్రంథమును కథోలికులు పవిత్రగ్రంథములలో చేర్చుకొనిరి, ప్రొటెస్టెంటులు చేర్చుకొనలేదు. 19వ శతాబ్దమునుండి తెలుగునాట వ్యాపించిన ప్రొటెస్టెంటు బైబిలు నందు ఈ కథ కానరాదు. అందుచేత తెలుగు క్రైస్తవులలోనే అనేకులకు తమ మత కావ్యపు కథ తెలియదు. ఒక కావ్యము చదువరులను కోల్పోవుటకు భాషాకాఠిన్య మొక్కటే కారణము కానక్కరలేదు.

రూపమును అరువు తెచ్చుకొనుటలో మరియొక మార్గము పుదుచ్చేరి మఠపు పత్రములలోనే బయటపడినది. ఎజూర్వేదమను ఫ్రెంచి గ్రంథము వ్యాస సుమంతుల సంవాదముగా నడచును. ఒకరు పౌరాణిక కథ చెప్పగా, రెండవవారు దానిని ఖండించి ఏకేశ్వరవాదమును బోధింతురు. 1760లో దీని ప్రతి వోల్టేరు చేతికి చిక్కెను. ఆయన దానిని ప్రాచీన భారతగ్రంథమని నమ్మి రాజుగారి గ్రంథాలయమున కిచ్చెను. 1778లో అచ్చుపడిన నాలుగేండ్లకే సొన్నెరా అది మిషనరీల కృతియని చెప్పెను. క్యాంబెల్ తెలుగు వ్యాకరణమునకు 1816లో పీఠిక వ్రాసిన ఎల్లిస్ దొర ప్రతులను పుదుచ్చేరిలో పరిశీలించెను. ఆయన వ్యాసము 1822లో వెలువడినది. గురుశిష్య సంవాదము మన పురాణమునకు ప్రాణము. అందు శిష్యుని సందేహము నిజమైన సందేహము. ఎజూర్వేదమున సంవాద ముగ్గుమాత్రమే మిగిలినది, పలికెడు గొంతు ఒక్కటే. దీనిని కపటమని నిందించినవారు కలరు. కపటము మాట యటుండనిండు, కథగా నిది పేలవము. ఆ కాలపు పుదుచ్చేరిలో రెండు మతముల పొరుగు ఎంత కటువుగా నుండెనో ఆనందరంగపిళ్ళ దినచర్యయే చెప్పును. 1748లో దేవళము ప్రక్కనున్న వేదపురీశ్వరాలయమును కూల్చిన సంగతి అందు కలదు.

ఇక మూడవ మార్గము, మిక్కిలి కష్టమైనది, శిలువ కెదురుగా నిలుచుట. మంగళగిరి ఆనందకవి వేదాంతరసాయనమున క్రీస్తుకథనే చేపట్టెను. ఇచట సువార్తకారుల శిల్పమును కొంత తరచి చూడవలెను. శ్రమల కథలో పట్టాభిషేకపు అంగములన్నియు నున్నవి. పురప్రవేశము కలదు, వాహనము గాడిదపిల్ల. తలపై తైలాభిషేకము కలదు, చేసినది పేరులేని యొక స్త్రీ. రాజవస్త్రము కప్పిరి, అది పరిహాసమునకు. కిరీటము ముండ్లది, రాజదండము రెల్లు. సైనికులు మోకరించి జేజేలు పలికిరి. కుడియెడమల నిలువవలసిన కొలువువారికి మారుగా దొంగ లిద్దరు. తలపైని బిరుదము మూడు భాషలలో వ్రాయబడినది. పట్టాభిషేక ఘట్టమును తరతరాలుగా పాడుకొన్న జాతికి ఈ తలక్రిందుల పట్టాభిషేకమునందలి వ్యంగ్యము చెప్పకయే తెలియవలెను. మన యచ్చు ఇచట పగులును. ఆ పగులునుండియే రసము పుట్టును. దానిని వర్ణనలతో పూడ్చిన కవి క్రీస్తును మరియొక ధీరోదాత్తునిగా మార్చును.

బొమ్మకును ఈ పరీక్ష తప్పదు. కాళహస్తి కలంకారీ తెరపై నడుమ పెద్దగడియందు సీతారాముల పట్టాభిషేకము, చుట్టును వరుసలుగా చిన్నగడులలో కథ, అడుగున తెలుగు వ్రాత యుండుట సంప్రదాయము. క్రీస్తుకథను ఆ తెరపై వ్రాయ బూనిన చిత్రకారుడు నడిమి గడిలో దేనిని నిలుపవలెను? పుదుచ్చేరిలోని సంబా కోవెల వంటి కథోలిక దేవాలయములలో శిలువమార్గపు 14 ఘట్టములు వరుసగా నుండును. వానికి నడిమి గడి లేదు. చూచువాడే ఒక బొమ్మనుండి మరియొక బొమ్మకు నడచి కథను పూర్తిచేయవలెను. ఈ రెండు పద్ధతులకు నడుమ భేదము సామాన్యము కాదు.

కీర్తనకు ఈ యిబ్బంది తక్కువ. పురుషోత్తమ చౌదరి (1803–1890) పాటలు తెలుగు క్రైస్తవుల నోళ్ళలో నేటికిని నిలిచియుండుటకు అదియొక హేతువు కావచ్చును. పాటకు ముగింపు అక్కరలేదు, పల్లవికి తిరిగివచ్చిన చాలును. చలనచిత్రము మరల కథకే వచ్చినది. 1978లో విజయచందర్ క్రీస్తుగా వచ్చిన కరుణామయుడు పల్లెలలో తెరలు కట్టి చూపబడెను. 1980లో బాపు రాజాధిరాజు తీసెను. మొదటి పేరున దయ, రెండవ పేరున సింహాసనము. ఆ రెండు పేర్ల నడుమ నూగులాడుటయే మన జానపద క్రైస్తవకళ చరిత్ర.

గుఱ్ఱము జాషువ (1895–1971) క్రీస్తుచరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. పద్యము ధారాళము, కరుణ నిండుగా కలదు. అయినను సంవిధానమున అది విధేయమైన కావ్యము. పరిచిత కథను పరిచితక్రమమున నడపినది. అదే కవి 1941లో ప్రకటించిన గబ్బిలమున మేఘసందేశపు అచ్చునే తీసికొని, విరహియైన యక్షుని స్థానమున ఆకలిగొన్న అరుంధతీసుతుని కూర్చుండబెట్టెను. మేఘమునకు మారుగా ఎవరును శుభమని తలపని గబ్బిలము, ప్రియురాలికి మారుగా కాశీలోని శివుడు. ఆలయద్వారము దాటలేనివాని మొర అది. త్రోసివేయబడినవానిని కథకు నడుమ నిలుపుట సువార్తల నడక. ఆ నడక క్రీస్తు పేరెత్తని గబ్బిలమున ఎంత సాగినదో, క్రీస్తుచరిత్రమున అంత సాగలేదు. శిలువ ఘట్టమును అట్టి చేతితో వ్రాసియుండిన, జాషువకు యోసేపు పట్టాభిషేకము గాని తోబియా వివాహము గాని అవసరపడెడివి కావు.