శవాన్ని మోసిందెవరు?

విక్రమార్కుడు శవాన్ని భుజానేసుకుని నడిస్తే దేశమంతా మెచ్చుకుంది. మా అయ్య చచ్చిన బర్రెను దుంగకు కట్టి మోసుకుపోతుంటే ఊరు ముక్కు మూసుకుంది. 'చందమామ' మాటెత్తితే నాకు మొదట తోచేది ఈ తేడానే.

1947 జులైలో, స్వాతంత్ర్యానికి నెల ముందు, నాగిరెడ్డి, చక్రపాణి ఈ పత్రిక మొదలుపెట్టారు. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా కొడవటిగంటి కుటుంబరావు దాన్ని నడిపాడు. ఆయన మార్క్సిస్టు, విరసం మనిషి. అందుకేనేమో బేతాళ కథల్లో మహిమల కంటే తర్కానికి విలువెక్కువ. కొత్త దేశంలో బడికెళ్ళిన ఆ తరం పిల్లలకు ఇది చిన్న మేలేం కాదు. నేను కూడా హాస్టల్లో చిరిగిన పాత సంచికలు చదివే తెలుగు వాక్యం నేర్చుకున్నా.

అయితే ఆ కథల ఊళ్ళో ఎవరుంటారు? రాజు, మంత్రి, షావుకారు, జమీందారు, పేద బ్రాహ్మడు, తెలివైన రైతు. పల్లె ఉండదు. మాలపల్లె, మాదిగపల్లె లేని తెలుగు ఊరు ఎక్కడుందో నాకైతే తెలీదు. చెప్పులు అందరి కాళ్ళకీ ఉంటాయి, కుట్టినోడు కథలోకి రాడు. శ్మశానంలోనూ అంతే. బేతాళుడుంటాడు, పిశాచాలుంటాయి, కాటికాపరి ఉండడు. మా ఊళ్ళో గుంట తవ్వేది మావాళ్ళు, కట్టెలు మోసేది మావాళ్ళు, ముందు డప్పు కొట్టేదీ మావాళ్ళే. కథలో ఆ చోటు కూడా రాజే తీసుకున్నాడు. ఆయన చేస్తే సాహసం, మేం చేస్తే మైల.

'పేదవాళ్ళ కథలు బోలెడున్నాయి కదా' అంటారు అభ్యుదయ మిత్రులు. ఉన్నాయి. పేదరికానికి మందు కూడా ఉంది: అర్ధరాజ్యం, రాజకుమారి. అవి ఎవడికిస్తారన్నదే అసలు సంగతి. బేతాళ కథలకు మూలం 11వ శతాబ్దంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో ఉంది. అందులో అనంగరతి అనే రాజకుమారికి నలుగురు వరులొస్తారు. శూద్రుడైన నేతగాడు రోజుకు ఐదు జతల బట్టలు నేస్తాడు. వైశ్యుడికి పశుపక్షుల భాషలొచ్చు. క్షత్రియుడు కత్తివీరుడు. బ్రాహ్మణుడు చచ్చినవాళ్ళను బతికిస్తాడు. ఎవరికివ్వాలని బేతాళుడడిగితే, రాజు తడుముకోకుండా క్షత్రియుడికే అంటాడు. క్షత్రియ పిల్లను నేతగాడికెట్లా ఇస్తారని ఆయన వాదన! ఒక జత దేవుడికి, ఒకటి బ్రాహ్మడికి ఇచ్చి, ఒకటి తను కట్టుకుని, ఒకటి రాబోయే భార్యకుంచి, మిగిలిందొకటి అమ్ముకుని తినే మనిషి. అతని కష్టం తీర్పులో తూగలేదు. ఇక ఆ నలుగురి తర్వాతివాడు, పంచముడు, ఆ సభ గడపే తొక్కలేదు. సరైన జవాబేనని బేతాళుడు తిరిగి చెట్టెక్కాడు.

కొత్త కథలల్లుకుంటూ పోయిన చందమామ ఇట్లాంటి కులం తీర్పుల్ని పక్కన పెట్టింది గాని, తీర్పు చెప్పే కుర్చీని రాజు కిందనే ఉంచింది. 1950లో రాజ్యాంగం అమల్లోకొచ్చింది. పిల్లల కథల్లో మాత్రం న్యాయం సింహాసనం మీంచే దిగేది. మంచి ఏలిక దొరికితే చాలు, అడగక్కర్లేదు, తిరగబడక్కర్లేదు. ఆ తరం పాలకుల్ని నమ్మిన తీరు ఇందులో కనపడుతుంది.

వేరే దారి లేక కాదు. చందమామకు ఆరేళ్ళ ముందే, 1941లో, జాషువా 'గబ్బిలం' రాశాడు. గుడి గడప తొక్కనివ్వని మనిషి, గుడిలోనే కాపురముండే గబ్బిలంతో శివుడికి కబురంపుతాడు. ఇంతకన్నా అద్భుతమైన ఊహ ఏ మాంత్రికుడి కథలో ఉంది? దాన్ని పిల్లల భాషలోకి తెద్దామని అప్పట్లో ఎంతమంది అనుకున్నారు?

మా ఏడో తరగతిలో బేతాళ కథ చెబుతుంటే ఒక పిల్ల లేచి, 'కాటికాపరి ఏడి సార్?' అంది. నువ్వే రాసుకు రమ్మన్నా. మర్నాడు రెండు పేజీలు తెచ్చింది. అందులో కాటికాపరి రాజును ఆపి, శవం తీసే కూలి ముందు తేల్చమంటాడు. రాజు దగ్గర చిల్లర లేదు.