పెన్‌డ్రైవ్‌లో పెట్టి చూస్తే చాలా?

తమిళనాడు తేనిలో ఒక కంప్యూటర్ దుకాణం ఈ వారం ఈ కాలమిస్టుకు కోపం తెప్పించింది. చుట్టాలబ్బాయి మెషీన్ తీసుకెళ్తే, విండోస్ 11 ఎక్కదు, కొత్తది కొనుక్కోమని తేల్చేశారట. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసిన మాట నిజమే. 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలన్నదీ నిజమే. మెషీన్ మాత్రం బాగానే ఉంది.

చూడకుండా ఏదీ కొనకూడదన్నది ఈ కాలమిస్టు పాత పాట. పక్కనున్న బోడినాయకనూరు వేలంలో ఏలక్కాయల నమూనా చూసిగానీ వ్యాపారులు ధర పలకరు. విండోస్‌కు బదులుగా ఆ పాత మెషీన్‌లో పెట్టుకోదగ్గ లినక్స్‌లో, ఇన్‌స్టాల్ చేయకముందే చూసే వీలు ఎప్పుడో వచ్చింది. జర్మనీ ఇంజనీరు క్లౌస్ క్నాపర్ 2000లో తెచ్చిన క్నాపిక్స్, సుమారు 2 జీబీ సాఫ్ట్‌వేర్‌ను కుదించి ఒక్క సీడీలో ఇమిడ్చి, హార్డ్‌డిస్క్‌ను తాకకుండా నడిచేది. ఇప్పుడు సీడీ బదులు పెన్‌డ్రైవ్. రూఫస్‌తోనో ఎచర్‌తోనో లినక్స్ ఐఎస్ఓ ఫైలు ఎక్కిస్తే సరి. పెన్‌డ్రైవ్‌లోని పాత ఫైళ్లన్నీ చెరిగిపోతాయి, జాగ్రత్త!

ఇక పాఠకులు ఎదురుచూసే గొడవ, ప్రభుత్వ ల్యాప్‌టాప్‌లది. 2011లో తమిళనాడు ప్రభుత్వం విద్యార్థులకు ఇవ్వడం మొదలుపెట్టిన ఉచిత ల్యాప్‌టాప్‌లలో విండోస్ పక్కనే బాస్ లినక్స్ కూడా ఉండేది. డెబియన్ ఆధారంగా చెన్నై సీడాక్ తయారుచేసిన బాస్‌లో తమిళంతో పాటు తెలుగూ ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం మాట్లాడే ఈ జిల్లా కంబం లోయ పిల్లలకు అంతకంటే ఏం కావాలి? ఈయన ఎరిగినవాళ్లలో దాన్ని తెరిచి చూసినవారు అరుదు. ఇన్‌స్టాల్ చేసి చేతికిచ్చినా ఇంతే!

కాబట్టి ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే లైవ్‌గా చూపించడమే మేలనుకుని ఈయన అబ్బాయి మెషీన్‌లో పెన్‌డ్రైవ్ పెట్టించాడు. వైఫై, సౌండ్, ప్రింటర్ పనిచేశాయి. అబ్బాయి తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టుకున్నాడు, బ్రౌజర్ సర్దుకున్నాడు. ఆపి మళ్లీ ఆన్ చేస్తే ఏమీ మిగల్లేదు. అన్నీ ర్యామ్‌లోనే ఉన్నాయి మరి. పైగా పెన్‌డ్రైవ్ నుంచి చదవడం నెమ్మది కావడంతో, లినక్సే స్లో అనేశాడు.

లైవ్ పరీక్ష తేల్చేది హార్డ్‌వేర్ సంగతే. వాడుక తెలియాలంటే నిన్న దాచుకున్న ఫైలు ఇవాళ కనిపించాలి. అందుకే చూసి కొనమనే పెద్దమనిషి ఈసారి ఇన్‌స్టాల్ చేసేయమంటున్నాడు: లైవ్‌లో వైఫై, సౌండ్ చూసుకోండి, ఫోటోలూ ఫైళ్లూ వేరే డిస్క్‌లోకి కాపీ చేయండి, ఇన్‌స్టాల్ చేసి నెల రోజులు వాడండి. కొత్త కంప్యూటర్ మాట ఆ తర్వాత.