ముందు రోగిని అడుగుదాం

సర్కారు దవాఖాన నాణ్యతను మదింపు చేయడానికి వెళ్లినప్పుడు మాకు నాలుగు పనులుంటాయి. కళ్లతో చూడాలి, సిబ్బందిని అడగాలి, రిజిస్టర్లు తిరగేయాలి, రోగులతో మాట్లాడాలి. 2013లో కేంద్రం తెచ్చిన జాతీయ నాణ్యతా ప్రమాణాల పద్ధతి ఇది. రోగుల హక్కులు, ఇన్‌ఫెక్షన్ల నివారణ, ఫలితాలు వంటివి మొత్తం ఎనిమిది విభాగాలు. ప్రతి అంశానికీ పూర్తిగా ఉంటే 2, కొంత ఉంటే 1, లేకపోతే 0. జాతీయ ధ్రువపత్రం కావాలంటే మొత్తమ్మీద కనీసం 70 శాతం రావాలి.

నాలుగింటిలో సులువైనది రిజిస్టరు. అందుకే దాన్నే ఎక్కువ నమ్మబుద్ధవుతుంది. కరీంనగర్ వైపు ఒక పీహెచ్‌సీలో టీకాల ఫ్రిజ్ చూశాను. ఉష్ణోగ్రత 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, పొద్దున, సాయంత్రం చూసి రాయాలి. పదకొండు గంటలకే సాయంత్రం గడిలో 5 అని ఉంది. అంకె మంచిదే, చూసి రాసింది మాత్రం కాదు. అక్కడే ఆయమ్మను పలకరించాను. “అక్కా, కింద రక్తం పడితే ఏం చేస్తవు?” మాట్లాడకుండా గ్లౌజులు తొడుక్కుంది, గుడ్డ పరిచింది, బ్లీచింగ్ నీళ్లు పోసింది. “జరసేపు నాననియ్యాలె సార్, గప్పుడే తుడవద్దు” అంది. ఏ రిజిస్టరూ ఇంత వివరంగా చెప్పదు.

ఆదిలాబాద్ ఏజెన్సీలో పని ఇంకా కష్టం. ఇంట్లో గోండి, కొలామీ మాట్లాడే బాలింతను తెలుగులో అడిగితే అన్నిటికీ “మంచిగనే ఉంది” అంటుంది. ఆశా కార్యకర్తను తోడు పెట్టుకోవచ్చు, కానీ ఆమెదీ అదే దవాఖాన. ఆమె ఎదుట ఫిర్యాదు ఎలా చెప్తుంది? గూడెంలో చదువుకున్న ఆడపిల్ల పక్కన కూర్చుని వాళ్ల భాషలో అడిగితే అసలు మాటలు బయటికొస్తాయి: రాత్రి పిలిస్తే ఎవరొచ్చారు, ఎవరు కసిరారు, ఇంటికి పంపేటప్పుడు మందుల గురించి ఎవరైనా చెప్పారా అని.

వాళ్ల భాషలో వినాలనే ఈ పాఠం ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కుమ్రం భీం అమరుడయ్యాక గోండుల కష్టాలు తెలుసుకోమని నిజాం సర్కారు మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో కాపురముండి, గోండి నేర్చుకుని, జనం నోట విన్నాడు. ఆ వినడం వల్లే 1943లో అక్కడ గోండు టీచర్ల శిక్షణ మొదలైంది, గోండులకు భూమి పట్టాలు కూడా వచ్చాయి.

ఇప్పుడు మా బృందాల్లో రోగులతో మాట్లాడటం తరచూ ఆఖరికి, జీపు ఎక్కే వేళకు మిగులుతోంది. దాన్ని పొద్దున్నే మొదటి పనిగా పెట్టాలి. ఏజెన్సీకి వెళ్లే ప్రతి బృందంలో ఆ దవాఖానతో సంబంధం లేని, గోండి లేదా కొలామీ వచ్చిన మనిషి ఉండాలి. బాలింత మనసులో మాట వినకుండా 70 దాటించి, గోడకు ధ్రువపత్రం తగిలించి వస్తే, రెండో కాన్పుకు ఆమె ఆ గడప తొక్కదు.