మానవహక్కుల వీథి: ఆకాంక్షావిచారము

పదసముదాయము వాక్యమై యర్థము నిచ్చుటకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూఁడును వలయునని శాబ్దికుల మతము. వీథియందు నిలిపిన శిల్పమునకును ఈ నియమము చెల్లును. జర్మనీదేశమున న్యూరెంబర్గు నగరమందలి మానవహక్కుల వీథి దీనికి మంచి యుదాహరణము.

దీనిని నిర్మించినవాఁడు ఇజ్రాయేలు శిల్పి డానీ కరవాన్ (1930–2021). జర్మనీజాతీయ వస్తుప్రదర్శనశాల చెంత 1993 అక్టోబరు 24వ తేదీన ఇది ప్రారంభింపఁబడినది. 1948 నాఁటి విశ్వమానవహక్కుల ప్రకటనమునందలి 30 అధికరణములకుఁ బ్రతినిధులుగా 27 తెల్లని కాంక్రీటు స్తంభములు, నేలమట్టముగాఁ బఱచిన రెండు ఫలకములు, ఒక ఓకుచెట్టు ఇందుఁ గలవు. స్తంభముల యెత్తు 8 మీటర్లు. ఒక్కొక్క స్తంభముపై ఒక్కొక్క యధికరణము జర్మనుభాషయందును వేఱొక భాషయందును సంగ్రహముగాఁ జెక్కఁబడినది.

ఇందు యోగ్యతకుఁ గొఱఁత లేదు. యూదుల పౌరసత్వమును హరించిన శాసనములు 1935లో వెలువడినది ఈ నగరముననే. నాజీనాయకుల విచారణ 1945–46లో జరిగినదియు నిచ్చటనే. ఇట్టి చోట ఇట్టి వాక్యములను జెక్కుట మిగుల నుచితము. సన్నిధికిని లోపము లేదు. శిల్పము గదిలోఁ గాక త్రోవలోనే యున్నది. బాటసారి స్తంభముల ప్రక్కగానే నడచును.

లేనిది ఆకాంక్ష. పనిమీఁదఁ బోవువానికి స్తంభపంక్తి స్తంభపంక్తియే. ఏకరూపముగా వరుసదీరిన వస్తువులను కన్ను ఒకసారి గ్రహించి విడిచిపెట్టును. ఆ యెత్తును ఆ తెలుపును గంభీరములే. కాని యా గాంభీర్యమే యక్షరములను మఱుఁగుపఱచుచున్నది. ఇది యీ రచనయందలి దోషము.

అయినను ఈ దోషమునకుఁ బ్రతిక్రియ ఈ రచనయందే కలదు. వరుస మూఁడుచోట్ల తెగినది. ఒకచోట స్తంభమునకు మాఱుగాఁ జెట్టున్నది. తక్కిన రెండుచోట్ల కాలిక్రింద ఫలకము తప్ప నేమియు లేదు. ఇచటి స్తంభ మేమైనదను ప్రశ్న అప్పుడు పుట్టును. ఆ ప్రశ్నయే ఆకాంక్ష. కావున ఇరువదియేడు స్తంభములకంటె ఈ మూఁడు భంగములే రచనకుఁ బ్రాణము.

లోపించిన ప్రత్యయము కనఁబడకున్నను దాని కార్యము శబ్దమునందు జరుగునని పాణినీయుల సిద్ధాంతము. హక్కుల విషయమున నట్లు కాదు. లోపించిన హక్కు కార్యమును జేయఁజాలదు. 1935 దానికి సాక్షి. నిలిచియున్నంతకాలము ఎవరికంటనుఁ బడక, పోయినపిదపఁ దెలియుట దాని స్వభావము. కరవాన్ నిలిపిన స్తంభములకంటె వాని నడిమి ఖాళీలే ఈ సంగతిని స్పష్టముగాఁ జెప్పుచున్నవి.