బుద్ధి పక్షాన ఒక ఖాజీ తీర్పు: ‘ఫస్లుల్ మఖాల్’

ఇబ్ను రుష్ద్ (1126–1198) అనగానే అరిస్టాటిల్ వ్యాఖ్యాత అని చెప్పి ఊరుకోవడం పరిపాటి. ఆయన ఖాజీ అన్న సంగతి తరచు మరుగున పడుతుంది. 1169లో సెవిల్లాలోను, ఆ తరువాత కొర్దోబాలోను న్యాయపీఠం అధిష్ఠించిన ఈ మాలికీ ధర్మశాస్త్రవేత్త, తత్త్వశాస్త్రాన్ని సమర్థించడానికి ‘ఫస్లుల్ మఖాల్’ రచిస్తూ ఫత్వా పద్ధతిని ఎంచుకున్నారు. తత్త్వ, తర్క శాస్త్రాల అధ్యయనం షరీఅత్ దృష్టిలో అనుమతించబడినదా, నిషిద్ధమా, విధించబడినదా? ప్రశ్న ఇది. అర్హులకు అది విధి అని ఆయన తీర్పు.

తీర్పుకు ఆధారం ఖుర్ఆన్‌లోనే చూపారు. 59వ సూరా 2వ ఆయతులోని యోచించమన్న ఆదేశం ఆయన మొదటి సాక్ష్యం. ధర్మశాస్త్రజ్ఞులు వాడే ఖియాస్, అనగా సాదృశ్యానుమానం, తొలి తరం తరువాత ఏర్పడినదే. దానిని వారు బిద్అత్ అని త్రోసివేయలేదు. అట్టప్పుడు బౌద్ధికమైన అనుమానాన్ని మాత్రం త్రోసివేయడమెందుకు? నీరు గొంతుకడ్డుపడి ఒకడు చనిపోయాడని దాహంతో ఉన్నవారికి నీరు నిరాకరించడం వంటిదే తత్త్వగ్రంథాలను నిషేధించడమని కూడా అంటారు. ప్రత్యర్థులు ఆదరించే ప్రమాణాలతోనే వారికి సమాధానం చెప్పడంలో ఈ చిన్న గ్రంథపు బలమంతా ఉంది.

ఇస్లామీయ ప్రపంచంలో తత్త్వచింతన అడుగంటడానికి ఇమామ్ గజాలీ కారకులని ఒక వాదం బహుళ ప్రచారంలో ఉన్నది. ఇది తొందరపాటు. ‘తహాఫుతుల్ ఫలాసిఫా’ పీఠికలోనే, గ్రహణాల గణితాన్ని మతం పేర కాదనేవారు మతానికే హాని చేస్తున్నారని గజాలీ హెచ్చరించారు. ఆయన ‘ఇహ్యా’ను 1109లో తగులబెట్టినది కూడ కొర్దోబాలోనే. విద్యపై అనుమానం ఏ ఒక్క పండితుని సృష్టీ కాదు.

అయితే ఇబ్ను రుష్ద్ తీర్పులోనూ ఒక లోపం ఉన్నది. అది చిన్నది కాదు. మానవులను ఆయన మూడు తరగతులు చేశారు: ఉపన్యాసానికి లొంగేవారు, వాదానికి లొంగేవారు, నిరూపణను గ్రహించగలవారు. తావీల్, అనగా వాక్యాల అంతరార్థ వివరణ, మూడవ తరగతికే పరిమితం. దానిని సామాన్యులు చదివే గ్రంథాల్లో వ్రాయరాదన్నారు, వ్రాసినందుకు గజాలీని తప్పుపట్టారు. సామాన్యుని విశ్వాసం చెదరరాదన్న ఆయన భయం నిరాధారమైనదని అనలేము. కాని బుద్ధిని విధి అని నిరూపించిన కలమే అధిక సంఖ్యాకుల బుద్ధిని శంకించింది. ఫారసీ ఎరిగిన సాధారణ పాఠకుల కోసం ‘కీమియాయె సఆదత్’ వ్రాసిన గజాలీ ఈ విషయంలో ఆయనకంటె ముందున్నారు.

1195లో ఖలీఫా అల్ మన్సూర్ ఇబ్ను రుష్ద్‌ను లూసేనాకు వెళ్ళగొట్టి, తత్త్వగ్రంథాలను తగులబెట్టించాడు. కాస్తీలుతో యుద్ధ సమయంలో ధర్మశాస్త్రజ్ఞుల, జనసామాన్యపు మద్దతు కోసమే ఇలా చేశాడని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. అదే నిజమైతే, తమకు తెలియనివ్వని విద్యకోసం ఆ జనం ఎందుకు అడ్డుపడతారు? ఖలీఫా తరువాత ఆయనను మన్నించినా, 1198లో మర్రాకుష్‌లో ఆయన కన్నుమూశారు.

ఆయన వ్యాఖ్యల్లో అనేకం అరబీ మూలం నశించి హీబ్రూ, లాటిన్ అనువాదాల్లో మిగిలాయి. మిగిలిన అరబీ వ్యాఖ్యల్లో కొన్నింటిని హైదరాబాదు దాయిరతుల్ మఆరిఫ్ 1947లో ముద్రించింది. ‘ఫస్లుల్ మఖాల్’ అరబీ మూలం అంతకు మునుపే, 1859లో, మ్యూనిక్‌లో అచ్చయింది.