క్రియాంత్యప్రాస విచారము

అనంతపురము జిల్లాలో తాడిపత్రి ప్రాంతమునకు జేరిన యాడికి సీమయందు సేద్యగాండ్ర మాటలలో రెండు క్రియలకు ప్రాధాన్యము మెండు. ఒకటి పండు; రెండవది ఎండు. ఆ జిల్లా సగటు వర్షపాతము సాలునకు సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే యగుటచే, వేరుసెనగ చేనియందు ఈ రెంటిలో నేది సంభవించునో కార్తెలు కడచువఱకును నిశ్చయింపరాదు. 'చేను పండెను', 'చేను ఎండెను' అను వాక్యములకు ధ్వనియందలి భేదము క్రియయొక్క మొదటి యక్షరముతో సరి. అర్థమందలి భేదమన్ననో కలిమికిని లేమికిని గల యంతరము. ఇట్టి జంటను ప్రాసస్థానమున నిలిపినచో చెవి యొకటే యనుచుండగా బుద్ధి రెండనును. ప్రాసకు ప్రాణము ఈ వైరుధ్యమే.

'మబ్బు పట్టెను, గాలి వీచెను' అనుచోటను చివర సమానధ్వని కలదు. కాని యది ధాతువులది గాదు, ప్రత్యయముది. ఈ రెండు విధముల సామ్యమును నొకే పేర వ్యవహరించుట నేటి పాఠశాలలయందును, విద్యార్థుల పద్యరచనలయందును సామాన్యమైనది. ఇంగ్లీషు పాఠమున సమానాంతములు గల క్రియలను పట్టికగా వల్లెవేయు బాలురే తెలుగు పాఠమున అంత్యప్రాస వ్రాయబూనుదురు. ఆ పట్టికయందును ధాతుసామ్యము, ప్రత్యయసామ్యము కలగాపులగమై యుండును. కావున క్రియాంతమందలి ధ్వనిసామ్యము ఎచ్చట ప్రాస యగును, ఎచ్చట కాదు అను విషయము విచార్యము.

ముందుగా ఇంగ్లీషు క్రియలను పరిశీలింపదగును. జాన్ వాకరు 1775లో ప్రకటించిన నిఘంటువు పదములను ఆద్యక్షరమును బట్టి గాక అంత్యాక్షరములను బట్టి కూర్చినది. అట్టి కూర్పున సమానాంతములగు క్రియలన్నియు నొకచో గుమిగూడును. వ్యాకరణదృష్టితో జూచినచో నవి మూడు తెగలుగ నేర్పడును.

మొదటి తెగ ప్రత్యయసామ్యము గలవి. ప్యూరిఫై, గ్లోరిఫై, మాగ్నిఫై మున్నగునవి యిట్టివి. వీనియందలి 'ఫై' లాటినుభాషలో 'చేయు' అను నర్థముగల ధాతువునుండి వచ్చినది. పవిత్రము చేయు, కీర్తిమంతము చేయు, పెద్ద చేయు అని వీని యర్థములు. తెలుగున ప్రకటించు, భుజించు, వర్ణించు అనుచోట 'ఇంచుక్కు' ఎట్టిదో అచ్చట 'ఫై' అట్టిది. రెండును ఎరువుదెచ్చిన శబ్దములకు క్రియాత్వము నొసగు సాధనములు.

రెండవ తెగ ధాతువొకటియై ఉపసర్గలు మాత్రము వేఱైనవి. రిసీవ్, డిసీవ్, పర్సీవ్, కన్సీవ్ అను నాలుగింటికిని మూలము 'గ్రహించు' అను నర్థముగల లాటిను ధాతువే. స్వీకరించుట, వంచించుట, గ్రహించుట, భావించుట అను భిన్నార్థములు ఉపసర్గల వలన గలిగినవి. సంస్కృతమున హృధాతువు ప్రహార, ఆహార, సంహార, విహార, పరిహార శబ్దములందు అర్థాంతరములను బొందుట వైయాకరణులెల్ల రెఱిగినదే. ఇచ్చట అర్థభేదము కలదు గాని ధ్వనిభేదము చాలదు. సమానధ్వనికి ముందున్న హల్లు వేఱుగ నుండవలెనని ఇంగ్లీషు ఛందస్సున నియమము. ఈ నాలుగింటను ఆ హల్లు సకారమే. కావున 'రిసీవ్'కు 'బిలీవ్' చక్కని ప్రాస, 'డిసీవ్' పునరుక్తప్రాయము. ఫ్రెంచివారు దీనిని సంపన్నప్రాసయని మెచ్చుకొనిరి. ఆంగ్లేయులు సాధారణముగ మెచ్చలేదు.

మూడవ తెగ ధాతువులే వేఱై, యాదృచ్ఛికముగ నంతమున గలసినవి. సెండ్, బెండ్, లెండ్, మెండ్, రెండ్ అనునవి యిట్టివి. పంపుట, వంచుట, ఎరువిచ్చుట, బాగుచేయుట, చించుట అని వీని యర్థములు. బాగుచేయుటకును చించుటకును ఒక్క హల్లే యెడము. యాడికి చేనియందలి పండు, ఎండు క్రియలకు ఇవి సహోదరములు. నిజమైన ప్రాస ఈ తెగయందే కలదు.

ఈ తెగలో మఱియొక చమత్కారము గలదు. వర్తమానమున సెండ్, మెండ్ అని కలిసినవి భూతమున సెంట్, మెండెడ్ అని విడిపోవును. దీనికి విపర్యయముగ వర్తమానమున నే పోలికయు లేని బై, బ్రింగ్, థింక్, సీక్, టీచ్, క్యాచ్, ఫైట్ అను నేడు ధాతువులు భూతకాలమున బాట్, బ్రాట్, థాట్, సాట్, టాట్, కాట్, ఫాట్ అని యేకాంతములగును. ఇది ప్రత్యయప్రాసయే కదా యని శంకింపవచ్చును, కాదు. ఫాట్ అనుదాని టకారము ధాతువునదే. క్యాచ్ ఫ్రెంచినుండి వచ్చి సాదృశ్యముచే నీ రూపమును దాల్చినది. తక్కినవానియందు ప్రత్యయము ధాతువుతో నేకమై విడదీయరాని రూపమైనది. ప్రత్యయము ధాతువున జీర్ణమైనచోట ప్రాస నిలుచును. పైపై నంటియున్నచోట నిలువదు.

ఇంగ్లీషుకవులు ప్రత్యయప్రాసనుండి తప్పించుకొనుటకు ఆ భాషయందలి స్వరాఘాతమే కారణము. అచ్చట కడపటి యూనిక గల యచ్చునుండి తుదివఱకును ధ్వని కలియవలెను. వాకింగ్, జంపింగ్ అను పదముల చివర 'ఇంగ్' సమానమైనను ఊనిక ధాతువులపై నుండుటచే ప్రాస కుదురదు. వాకింగ్, టాకింగ్ అనునవి కుదురును. అనగా ప్రత్యయము వెంట నడచునదే కాని ముందు నడచునది కాదు. ఇట్టి రక్షణ యుండియు మిల్టను 1668లో తన మహాకావ్యమునకు జేర్చిన పీఠికలో అంత్యప్రాసను నిరసించి, ప్రాచీనులు దానిని దోషముగ నెంచిరనెను. గ్రీకు, లాటిను భాషలు విభక్తిప్రత్యయ బహుళములు. అట్టి భాషలలో సమానాంతములు కోరకయే వచ్చును. కోరకయే వచ్చినదాని నలంకారమని మురియుట యేల యని వారి తాత్పర్యము కావచ్చును.

ఇక తెలుగు. ఈ భాషయందు క్రియ వాక్యాంతమున నుండును. క్రియాంతమున కాలమును పురుషమును దెలుపు ప్రత్యయముండును. పాదాంతమున వాక్యము ముగిసినప్పుడెల్ల ఎను, ఇరి, ఉదురు, ఉచున్నాడు అనునవి తమంత దామే పునరావృత్తములగును. యాడికి వాడుకలో వస్తాండాడు, పోతాండాడు, చేస్తాండాడు అని దినమునకు నూఱుమాఱులు విననగును. వానిని విని ప్రాసయని తల యూపువారుండరు. పైగా ఇంగ్లీషున వలె నూనిక యను కావలి తెలుగునకు లేదు.

అట్లయిన పూర్వలాక్షణికులు కావలి లేక విడిచిరా? విడువలేదు. వారు ప్రాసను పాదాంతమున గాక పాదాదిని ద్వితీయాక్షరమున నిలిపిరి. అచ్చతెలుగు క్రియాధాతువులలో పెక్కు రెండక్షరములవి: పండు, ఎండు, తప్పు, పట్టు, కుందు. అట్టి క్రియ పాదాదిని నిలిచినప్పుడు ద్వితీయాక్షరమనగా ధాతువుయొక్క కడపటి హల్లే. ఇంగ్లీషువారు ఊనికచే సాధించినదానిని తెలుగువారు స్థాననియమముచే సాధించిరి. రగడలయందు అంత్యప్రాస విహితమే. అయినను అచ్చట ఆదిప్రాసయు దానికి దోడుగ నుండుట గమనింపదగినది.

ఉదాహరణము చూపినచో విషయము తేటపడును.

మబ్బు పట్టెను, గాలి వీచెను,
వాన తప్పెను, రైతు కుందెను.

ఇందు నాలుగు చోట్ల 'ఎను' వినబడుచున్నది. ప్రత్యయమును దీసివైచినచో పట్టు, వీచు, తప్పు, కుందు అని మిగులును. పోలిక యే కొంచెమును లేదు.

చెఱువు నిండెను, చేను పండెను;
ఎండ మండెను, పైరు ఎండెను.

ఇందును అదే ప్రత్యయము. దీసివైచినను నిండు, పండు, మండు, ఎండు అని పూర్ణబిందువుతో గూడిన డకారము నిలిచియున్నది. ఈ నాలుగు క్రియలను పాదాదులయందు నిలిపినను ప్రాసభంగము గలుగదు. మొదటి నాలుగింటిని నిలిపినచో నలుగడల భంగమే. ధ్వని నాలుగింటను సమానము. అర్థము మొదటి పాదమున సుభిక్షము, రెండవ పాదమున క్షామము. ప్రాచీనుల ద్వితీయాక్షరపరీక్షయు, ప్రత్యయమును దొలగించు పరీక్షయు ఒకే తీర్పు నిచ్చుట విశేషము.

ఇచ్చట నొక పూర్వపక్షము. విశ్వనాథుడు 14వ శతాబ్దమున సాహిత్యదర్పణమునందు అంత్యానుప్రాసమును లక్షించుచు, అచ్చుతో గూడిన హల్లు చివర నావృత్తి నొందుటయే చాలుననెను. ధాతుప్రత్యయ వివేకమును జెప్పలేదు. లాక్షణికుడు చెప్పని భేదమును విమర్శకుడు కల్పింపనేల? సమాధానమిది. అలంకారత్వమునకు వైచిత్ర్యము బీజము. వ్యాకరణము సిద్ధముగ నిచ్చినదానిని కవి సంపాదించినదిగ నెంచరాదు. సమానశబ్దము పునరుక్తమైనచోట తాత్పర్యభేదముండిన లాటానుప్రాసమనియు, అర్థభేదముండిన యమకమనియు ఆలంకారికులు పేర్లిడిరి. 'ఎను' అను ప్రత్యయమునకు నాలుగు చోట్లను అర్థమొకటే, తాత్పర్యమొకటే. అది యే తెగకును జెందదు.

యమకమునకు యాడికి యను పేరే చక్కని నిదర్శనము. ఆ సీమ వాడుకలో 'ఎక్కడికి' అనుటకు 'యాడికి' అందురు. ఎదురైన బాటసారిని 'యాడికి పోతాండావు?' అని యడిగినచో నతడు 'యాడికికి' అని చెప్పవలసియుండును. మొదటిది ప్రశ్నార్థకము, రెండవది గ్రామనామము. 'కి' మొదటిదానిలో విభక్తి, రెండవదానిలో పేరున భాగము. అక్షరములు సమానములై వ్యాకరణము వేఱగుటచేతనే ఈ మాటకు వినువారు నవ్వుదురు. ఇంగ్లీషున చాసరు కవి 14వ శతాబ్దమున క్యాంటర్బరీ కథల ప్రస్తావనయందు వెదకుట యను క్రియను, రోగియను నర్థముగల శబ్దమును ఆ కాలమున సమోచ్చారణములగుటచే ప్రాసగ గూర్చెను. ఒకటి క్రియ, మఱియొకటి విశేషణము. విమ్సాటు అను అమెరికా విమర్శకుడు 1944లో ప్రకటించిన వ్యాసమున, భిన్నజాతి పదములు గలిసిన ప్రాస సజాతి పదముల ప్రాసకంటె బుద్ధికి మిక్కిలి పని గల్పించునని నిరూపించెను. తెలుగున క్రియకు క్రియనే గాక, 'ఎండె'కు 'కొండె' వంటి నామములను జతపఱుచుట ఈ మార్గమే.

మఱియొక పూర్వపక్షము. కలుపు తీయునప్పుడు పాడు పాటలలో ప్రత్యయములే మరలమరల వచ్చును గదా, అవి చెవికింపు గావా యని. ఇంపే. కాని యది లయకు సంబంధించినది. చేతి కదలికకు దోడైన పునరావృత్తి. వేమన పద్యముల మకుటమును అంతే. ప్రతిపద్యాంతమున వచ్చినను దానిని ప్రాసయని యెవ్వరు ననరు. ఆటవెలదికి ప్రాసనియమము లేదు. ఉన్నట్లు నటింపను లేదు. ఆరుద్ర కూనలమ్మ పదములందు మూడు పాదముల చివర ప్రాసను, నాల్గవచోట పల్లవిని వేర్వేఱుగ నిలిపినది ఈ వివేకముతోడనే. లేనిదానిని లేదనుట దోషము కాదు. ప్రత్యయమును జూపి ప్రాసయని చెప్పుట దోషము.

ఈ విచారము పండితులకు నిత్యావసరమైనది. బాలుడు 'పాసయ్యెను, ఫెయిలయ్యెను' అని వ్రాసి అంత్యప్రాస యనునప్పుడు, ఇంగ్లీషున నా రెండు క్రియలకును పోలికయే లేదనియు, ఉన్నది తెలుగు 'అయ్యెను' ఒక్కటే యనియు ఉపాధ్యాయుడు చూపవలెను. చూపక మెచ్చుకొనినచో బాలుని చెవి మొద్దువాఱును. చెవి మొద్దువాఱినవానికి ద్విపదయందలి ప్రాసయు వినబడదు, పద్యపఠనము అక్షరములు లెక్కించుటగా మాఱును. ప్రత్యయమును దొలగించి చూడుమనుట యొక్కటే చాలును. ఆ సూత్రము పల్లెబడి బాలునకును అందును. యాడికి చేని గట్టున బుట్టిన బాలునకు పండెను, ఎండెను అను రెండు మాటలకు గల దగ్గరయు దూరమును వేఱుగ నేర్పనక్కఱలేదు. అతని కా యెఱుక ముందే కలదు. దానిని ఛందస్సుతో ముడివేయుట మాత్రమే గురువు పని.