పరిశోధన ముగిసిన తరువాత

2021 చివర గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప తోటలను నల్ల తామరపురుగు కమ్ముకొన్నది. పూతలో చేరి కాపును నాశనం చేసిన ఆ పురుగును ఏ పరిశోధక విద్యార్థి అయినా మొక్క మొక్కకూ లెక్కించి వ్రాసుకొని ఉంటే, ఆ లెక్కకు వెల కట్టలేము. ప్రయోగశాలలో చెడిన ప్రయోగాన్ని మరల చేయవచ్చును. గడచిన పంటకాలాన్ని మరల రప్పించలేము.

అట్టి లెక్కలు నేడు కంప్యూటర్లలో ఉంటున్నవి. డాక్టరేటు సిద్ధాంతవ్యాసాల ఎలక్ట్రానిక్ ప్రతిని సమర్పించాలని విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం 2009లో నియమం చేసింది. ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం గాంధీనగర్ నుండి నడిపే 'శోధగంగ'లో అవి చేరుతున్నవి. వ్యవసాయ పరిశోధనలకు 'కృషికోశ్' ఉన్నది. విశ్వవిద్యాలయపు బీరువాలో ఉండవలసిన గ్రంథాన్ని పల్లెటూరి ఉపాధ్యాయుడు ఇంట కూర్చుండి చదువగలగటం చిన్న మేలు కాదు.

అయితే చేర్చటం వేరు, నిలపటం వేరు. సాధారణంగా అక్కడికి చేరేది తుది గ్రంథం మాత్రమే. అందులో సగటులు ఉంటాయి. ఆ సగటులకు మూలమైన పట్టికలు విద్యార్థి సొంత ల్యాప్‌టాప్‌లోనే మిగిలిపోవచ్చును. ఒకవేళ మిగిలినా, పట్టిక తలపై 'తా.పు. 3' అని ఉంటే, అది ఆకుకు మూడా, పువ్వుకు మూడా? పదేండ్ల తరువాత వ్రాసినవారే చెప్పలేరు.

తెలుగులో వ్రాసిన గ్రంథాలకు మరొక చిక్కు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, పాత డి.టి.పి. ఫాంట్ల వాడుక పోలేదు. వాటిలో తెలుగు అక్షరం లోలోపల ఆంగ్లాక్షరపు సంఖ్యగా దాగి ఉంటుంది. ఫాంటు తోడు లేనిచోట 'మిరప' అర్థం లేని గుర్తుల కుప్ప అవుతుంది. తోడు ఉన్నా, కంటికి కనిపించిన మాట వెదికితే దొరకదు. 2005లో అంతర్జాతీయ ప్రమాణమైన పీడీఎఫ్-ఏ రూపంలో ఫాంట్లు ఫైలులోనే ఇమిడి ఉండాలి. కాని అది కూడా మొదట యూనికోడ్‌లో టైపు చేసినవారికే పూర్తిగా అక్కరకు వస్తుంది.

ఈ విద్య నేర్పేదెవరు? పరిశోధన, ప్రచురణ నీతిపై గ్రాంట్ల సంఘం 2019లో 30 గంటల పాఠ్యక్రమాన్ని తప్పనిసరి చేసింది. అందులోని ఆరు భాగాలలో ఫైళ్ళ పరిరక్షణకంటూ ఒక భాగం లేదు. దొంగను పట్టే విద్యకు చోటిచ్చి, సొత్తు దాచే విద్యను మరవటం వింతయే! తాళపత్రం శిథిలం కాకమునుపే మన పూర్వులు క్రొత్త ఆకుపై ప్రతి వ్రాసుకొనేవారు. ఫైలుకూ ఆ చాకిరీ తప్పదు. పైగా ఇంకా తొందరగా చేయాలి.

నేర్పవలసినది కొండంత లేదు. మూడు ప్రతులు, అందులో ఒకటి వేరే ఊరిలో. పట్టికలోని ప్రతి వరుసకూ వివరణ. ప్రతి చేసినప్పుడల్లా సరిచూపు సంకేతం. ఈ సంకేతం ఫైలు మొత్తాన్ని లెక్కగట్టి కంప్యూటరు ఇచ్చే చిన్న అక్షరమాల. ఫైలులో ఒక్క చుక్క మారినా అది మారిపోతుంది. సమర్పణకు ముందు విద్యార్థి తన ఫైలును, తన ఫాంట్లు లేని పరాయి యంత్రంపై ఒక్కసారి తెరచి చూచినా, లోపాలు చాలావరకు అప్పుడే బయటపడతాయి.